నీళ్ళలో ఉండేదల్లా చేపేనా?

పాప అడిగిన ప్రశ్న

నర్సీపట్నంలో ఒక వీధి. ఆ వీధిలో ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు ఉంటారు. పాపకు ఐదేళ్ళు. రోజూ అంగన్‌వాడీకి వెళుతుంది. తమ్ముడికి మూడేళ్ళు.

అది వానాకాలం. శనివారం సాయంత్రం పాప ఇంటికి వచ్చింది. చేతిలో పలక ఉంది. పలక మీద చేప బొమ్మ ఉంది.

"అమ్మా, చేప నీళ్ళలో ఉంటాది" అంది పాప.

"అవును, ఉంటాది" అంది అమ్మ.

"కప్ప కూడా నీళ్ళలో ఉంటాది కదా! అదీ చేపేనా?"

అమ్మ బియ్యం ఏరుతోంది. ఆమె చెయ్యి ఆగింది. "కాదు" అంది.

"ఎందుకు కాదు?"

అమ్మ దగ్గర జవాబు లేదు. "నాకేటి తెలుసు? నేను చదువుకున్నానా? మీ టీచరమ్మనడుగు" అంది.

పాప మళ్ళీ అడగలేదు. పలక పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అమ్మకు నిద్ర పట్టలేదు. ఆమె రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. రేషను కార్డు మీద తన పేరు చదువుతుంది. వేలిముద్ర మానేసి సంతకం పెడుతుంది. అయినా పాప అడిగిన చిన్న మాటకు "నేను చదువుకున్నానా?" అనేసింది. ఇలా నాలుగుసార్లు అంటే పాప ఇక ఏదీ అడగదు. అమ్మకు ఏమీ తెలియదనుకుంటుంది. ఆ సంగతే ఆమెను బాధ పెట్టింది.

చేపల బజారులో

మర్నాడు ఆదివారం. అమ్మ పాపను వెంటబెట్టుకుని చేపల బజారుకు వెళ్ళింది.

నర్సీపట్నం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌కు ముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఊరికి దగ్గరలో నాతవరం మండలంలో తాండవ జలాశయం ఉంది. తాండవ నది తూర్పు కనుమల్లో పుడుతుంది. తుని, పాయకరావుపేటల మీదుగా పారుతుంది. పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ జిల్లాకు కొండలూ ఉన్నాయి, సముద్రమూ ఉంది. అందుకే ఇక్కడివాళ్ళు రెండు రకాల చేపలూ తింటారు.

బొచ్చె, శీలావతి, కొరమేను, జెల్ల, బొమ్మిడాయి మంచినీటి చేపలు. వంజరం, చందువ, కానాగంతలు, నెత్తళ్ళు, సొర సముద్రపు చేపలు.

చేపలమ్మే అప్ప అమ్మను చూసింది. "ఏటి తల్లీ, ముఖం అలాగుంది?" అని అడిగింది.

అమ్మ జరిగింది చెప్పింది.

అప్ప నవ్వింది. "ఓసి, దీనికేనా! చేప తాజాదో కాదో నువ్వెలా చూస్తావు?"

"మొప్ప ఎత్తి చూస్తాను. ఎర్రగా ఉంటే తాజాది. రంగు మారితే పాతది."

"పొలుసు ఎటునుంచి గీకుతావు?"

"తోక వైపు నుంచి తల వైపుకి."

"చెయ్యి జారిపోకుండా ఏం చేస్తావు?"

"బూడిద రాస్తాను."

"మరి ఇవన్నీ నీకెవరు చెప్పారు? ఇన్నేళ్ళుగా చేప కోస్తున్నావు. చేప లోపలా బయటా ఏముందో నీకు తెలుసు. అదే పాపకు చూపించు. పుస్తకం నీ చేతిలోనే ఉంది కదా!" అంది అప్ప.

అమ్మకు ఆ మాట నచ్చింది. కిలో పైన తూగే శీలావతి చేపను కొంది.

"ముక్కలు కొట్టమంటావా?" అని అడిగింది అప్ప.

"వద్దప్పా, ఇంటి దగ్గర కోసుకుంటాను" అంది అమ్మ.

కోసే ముందు

అమ్మ పెరట్లో పళ్ళెం పెట్టింది. పళ్ళెంలో చేపను పెట్టింది. పాప, తమ్ముడు చెరో పక్క కూర్చున్నారు. కత్తిపీట ఇంకా తీయలేదు. పిల్లలు చూసే దాకా తీయదలచుకోలేదు.

అమ్మ ముందు ఏమీ చెప్పలేదు. ముందు అడిగింది.

"ముట్టుకోండి. ఎలాగుంది?"

"చల్లగా ఉంది" అంది పాప. "జిగురు జిగురుగా ఉంది" అన్నాడు తమ్ముడు.

చేప ఒంటి మీద జిగురు ఉంటుంది. ఆ జిగురు వల్ల చేప నీళ్ళలో సులువుగా జారుతూ పోతుంది. రోగాలు కూడా తొందరగా అంటవు. చేప ఒంటి వేడి నీళ్ళను బట్టి మారుతుంది. నీళ్ళు చల్లబడితే చేప ఒళ్ళూ చల్లబడుతుంది. నీళ్ళు వేడెక్కితే చేప ఒళ్ళూ వేడెక్కుతుంది. మనం అలా కాదు. చలికాలమైనా, ఎండాకాలమైనా మన ఒంటి వేడి దాదాపు ఒకేలా ఉంటుంది.

"దీని ఒంటి మీద ఇవేటి?" అని అడిగింది అమ్మ.

"పొలుసులు!"

"మన ఇంటి మీద పెంకులు చూడు. ఒక పెంకు మీద ఇంకో పెంకు ఉంటుంది. పొలుసులూ అంతే. వాన నీరు పెంకుల మీంచి జారుతుంది. నీరు పొలుసుల మీంచి వెనక్కి జారుతుంది."

పాప పొలుసుల మీద వేలు రాసింది. తల నుంచి తోకకు రాస్తే నున్నగా ఉంది. తోక నుంచి తలకు రాస్తే గరుకుగా ఉంది. పొలుసును తోక వైపు నుంచి ఎందుకు గీకాలో ఇప్పుడు తెలిసింది.

అమ్మ ఒక పొలుసు తీసింది. కడిగి ఎండకు పట్టి చూపింది. దాని మీద సన్నని గుండ్రటి గీతలు కనిపించాయి. చేప పెరిగేకొద్దీ పొలుసూ పెరుగుతుంది. కొత్త గీతలు వస్తాయి. ఆ గీతలను చూసి శాస్త్రవేత్తలు చేప వయసు అంచనా కడతారు.

"రెక్కలు లెక్కపెట్టండి" అంది అమ్మ.

పిల్లలు లెక్కపెట్టారు. వీపు మీద ఒకటి. మొప్పల వెనక రెండు. పొట్ట కింద రెండు. తోకకు ముందు ఒకటి. మొత్తం ఆరు. ఇవి కాక తోక ఉంది. పుస్తకాల్లో చేప రెక్కలను వాజాలు అని రాస్తారు. తోకతో నీళ్ళను నెట్టి చేప ముందుకు పోతుంది. జంట రెక్కలతో పక్కకు తిరుగుతుంది, ఆగుతుంది. వీపు మీది రెక్క, కింద ఉన్న ఒంటి రెక్క చేపను పక్కకు ఒరగకుండా కాస్తాయి.

"అమ్మా, చేప కళ్ళు మూయలేదు. నిద్రపోదా?" అని అడిగింది పాప.

శీలావతికి మనలా కనురెప్పలు లేవు. చాలా చేపలు అంతే. అవి కళ్ళు తెరిచే ఉంచి, కదలకుండా ఒకచోట విశ్రాంతి తీసుకుంటాయి. అదే వాటి నిద్ర.

"చెవులేవి?"

చెవులు లోపల ఉంటాయి. బయటికి కనబడవు. చేప పక్కన, మొప్ప నుంచి తోక దాకా చుక్కలు చుక్కలుగా ఒక గీత ఉంటుంది. పాప ఆ గీతను వెతికి పట్టుకుంది. నీళ్ళు కాస్త కదిలినా చేపకు ఆ గీత వల్ల తెలుస్తుంది. చీకట్లో కూడా తెలుస్తుంది. చెరువులో రాయి వేస్తే చేపలు ఎందుకు పారిపోతాయో ఇప్పుడు చెప్పండి.

మొప్పలు

అమ్మ చేప చెంప దగ్గరి మూతను ఎత్తింది. లోపల ఎర్రగా, సన్నని దువ్వెన పళ్ళలాగా ఉన్నాయి.

"ఇవే మొప్పలు. ఒక్కో వైపు నాలుగు. చేప వీటితోనే ఊపిరి తీసుకుంటుంది" అంది అమ్మ.

నీళ్ళలో కూడా ప్రాణవాయువు కలిసి ఉంటుంది. మన కంటికి కనబడదు. చేప నోటితో నీరు తీసుకుంటుంది. ఆ నీరు మొప్పల మీదుగా పోతుంది. మొప్పల్లో నిండా రక్తం ఉంటుంది. అందుకే అవి ఎర్రగా ఉంటాయి. నీళ్ళలోని ప్రాణవాయువు మొప్పల్లోని రక్తంలోకి చేరుతుంది. మిగిలిన నీరు మూత సందులోంచి బయటికి పోతుంది. చేప నోరు తెరవడం, మూయడం నీళ్ళు తాగడానికి అనుకుంటాం. అది ఊపిరి తీయడం.

"మరి గట్టు మీద బోలెడు గాలి ఉంది కదా! చేప ఎందుకు చచ్చిపోతాది?" అని అడిగింది పాప.

మంచి ప్రశ్న. అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. తన జడ కొస విప్పింది. బకెట్టు నీళ్ళలో ముంచింది. వెంట్రుకలు నీళ్ళలో విడివిడిగా పరుచుకున్నాయి. జడను పైకి తీసింది. వెంట్రుకలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"మొప్పలూ ఇలాగే. నీళ్ళలో విడివిడిగా ఉంటాయి. బయటికి తీస్తే అంటుకుపోతాయి, ఎండిపోతాయి. ఇక ఊపిరాడదు" అంది అమ్మ.

నీళ్ళలో ప్రాణవాయువు తగ్గినా చేపలకు కష్టమే. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున కొన్ని చెరువుల్లో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆడుకోవడానికి కాదు, ఊపిరాడక. చేపలు పెంచేవాళ్ళు అది చూసి వెంటనే కొత్త నీరు పెడతారు. లేదా నీళ్ళను చిలికే యంత్రం తిప్పుతారు.

కోసిన తర్వాత

అమ్మ కత్తిపీట తీసింది. పిల్లల్ని నాలుగడుగులు వెనక్కి జరిపింది. పొలుసు గీకింది. పొట్ట చీల్చింది. కత్తిపీటను దూరంగా పెట్టి, పిల్లల్ని మళ్ళీ పిలిచింది.

చిన్న ఎర్రటి గుండె కనిపించింది. మన గుండెలో నాలుగు గదులు ఉంటాయి. చేప గుండెలో రెండే గదులు ఉంటాయి.

ఆకుపచ్చటి చిన్న తిత్తి కనిపించింది. "ఇదే చేదు. పగిలితే కూరంతా పాడవుతుంది" అంది నాయనమ్మ. అది పైత్యరసం ఉండే తిత్తి. తిన్నది అరగడానికి ఆ రసం పనికొస్తుంది. మన కడుపులోనూ అలాంటి తిత్తి ఉంది.

తెల్లగా మెరిసే సంచి ఒకటి బయటపడింది. మధ్యలో నొక్కినట్టు ఉంది. తమ్ముడు వేలితో నొక్కాడు. బూర లాగా మెత్తగా ఉంది.

"ఇది గాలి తిత్తి. దీనివల్ల చేప కష్టపడకుండా నీళ్ళలో తేలుతుంది" అంది అమ్మ. గాలి ఎక్కువైతే చేప పైకి తేలుతుంది. తగ్గితే కిందికి దిగుతుంది.

పొట్టలో పసుపు రంగు గుడ్ల సంచి కూడా ఉంది. "వానాకాలం కదా! జన పట్టింది" అంది నాయనమ్మ. గుడ్లు ఆవగింజల్లా ఉన్నాయి. లెక్కపెట్టడం పాప వల్ల కాలేదు. పెద్ద శీలావతి పొట్టలో లక్షల గుడ్లు ఉంటాయి. అన్నీ పిల్లలు కావు. అయిన పిల్లలన్నీ బతకవు. పెద్ద చేపలు, కప్పలు, పక్షులు వాటిని తినేస్తాయి. అందుకే చేప అన్ని గుడ్లు పెడుతుంది.

చివరికి అమ్మ నడుమ ఉన్న పెద్ద ముల్లును చూపింది. తల నుంచి తోక దాకా పూసలు గుచ్చినట్టు ఉంది. "ఇది చేప వెన్నెముక. నీ వీపు తడుముకో. నీకూ ఉంది" అంది.

పాప వీపు తడుముకుంది. తమ్ముడి వీపు కూడా తడిమింది. ఇద్దరూ నవ్వారు.

తొట్టి దగ్గర

అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పులుసు ఉడుకుతోంది. ఇంతలో నాయనమ్మ కేక వినబడింది. అమ్మ పరుగెత్తింది.

పాప నీళ్ళ తొట్టి మీదికి వంగి ఉంది. ముఖం మొత్తం నీళ్ళలో పెట్టేసింది. తమ్ముడు పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. అమ్మ పాపను పట్టి లాగింది. పాప దగ్గింది. ముక్కులోంచి నీళ్ళు కారాయి.

"నేనూ చేపలాగ ఊపిరి తీద్దామని..." అంది పాప, ఏడుస్తూ.

అమ్మ చెయ్యి లేచింది. కాని కొట్టలేదు. తప్పు పాపది కాదని ఆమెకు తెలిసింది. తను పాఠం సగమే చెప్పింది. చేప నీళ్ళలో ఎలా బతుకుతుందో చెప్పింది. మనం ఎందుకు బతకలేమో చెప్పలేదు.

ముఖం తుడిచి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పాప చేతిని పాప గుండె మీద పెట్టింది.

"ఊపిరి పీల్చు. ఇక్కడ ఎత్తుగా లేచింది కదా? లోపల ఊపిరితిత్తులు ఉన్నాయి. అవి గాలిలోంచే ప్రాణవాయువు తీసుకోగలవు. నీళ్ళలోంచి తీసుకోలేవు. నీకు మొప్పలు లేవు. చెంప తడుముకో. మూత ఉందా?"

"లేదు."

"అందుకే చేప గట్టు మీద బతకదు. మనం నీళ్ళ లోపల బతకం. చెరువుకైనా, కాలువకైనా, తొట్టి దగ్గరికైనా పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదు. తమ్ముడికీ చెప్పు."

పాప తమ్ముడికి చెప్పింది. "నీకు మొప్పలు లేవురా!" అంది.

ఆ రోజే నాన్న తొట్టికి చెక్క మూత చేసి పెట్టాడు. బకెట్టులో మిగిలిన నీళ్ళు పారబోశారు. చిన్నపిల్లలు బకెట్టు నీళ్ళలో కూడా మునిగిపోగలరు. కేక వేయడానికి కూడా వాళ్ళకు వీలుండదు. ఎవరైనా పిల్ల మునిగితే తలకిందులుగా పట్టి తిప్పకూడదు. బయటికి తీసి వెంటనే 108కి ఫోను చేయాలి. ఊపిరి లేకపోతే, తెలిసినవాళ్ళు వెంటనే నోటితో ఊపిరి అందించాలి, గుండె నొక్కాలి.

మరి కప్ప సంగతి?

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. అమ్మ ముళ్ళు ఏరి పిల్లలకు పెట్టింది.

"పాపా, నిన్న ఒకటి అడిగావు కదా! ఇప్పుడు నువ్వే చెప్పు. చేపకు ఏమేమి ఉన్నాయి?"

"మొప్పలు, రెక్కలు, వెన్నెముక!"

"కప్పకు రెక్కలున్నాయా?"

"లేవు. కాళ్ళున్నాయి."

"అయితే కప్ప చేప కాదు" అంది అమ్మ. కప్ప పిల్లగా ఉన్నప్పుడు తోకతో ఈదుతుంది. అప్పుడు దానికి మొప్పలు ఉంటాయి. పెద్దదయ్యాక మొప్పలు పోతాయి. ఊపిరితిత్తులు వస్తాయి. చర్మంతో కూడా ఊపిరి తీస్తుంది. చేప అలా కాదు. దానికి బతికినంత కాలం మొప్పలు ఉంటాయి.

తర్వాత అందరూ ఒక్కోటి అడిగారు.

"రొయ్య?" అన్నాడు నాన్న. రొయ్యకు మొప్పలు ఉన్నాయి. కాని వెన్నెముక లేదు. పైన పెంకు ఉంది, కాళ్ళున్నాయి. రొయ్య చేప కాదు. పీతా అంతే.

"తాబేలు?" అంది నాయనమ్మ. తాబేలు నీళ్ళలో ఉంటుంది. కాని ఊపిరి కోసం పైకి వస్తుంది. దానికి ఊపిరితిత్తులు ఉన్నాయి. చేప కాదు.

తిమింగలం చూడటానికి పెద్ద చేపలా ఉంటుంది. కాని దానికి మొప్పలు లేవు. పైకి వచ్చి గాలి పీలుస్తుంది. పిల్లను కని పాలిస్తుంది. డాల్ఫిన్ కూడా అంతే. ఇవి చేపలు కావు.

నక్షత్ర చేపకు పేరులో చేప ఉంది. కాని వెన్నెముక లేదు. అదీ చేప కాదు.

బొమ్మిడాయి పాములా పొడుగ్గా ఉంటుంది. కాని దానికి మొప్పలు, రెక్కలు, వెన్నెముక ఉన్నాయి. అది చేపే.

జెల్లకు పొలుసులు లేవు, మీసాలున్నాయి. అయినా చేపే. దాని ముల్లు గుచ్చుకుంటే బాగా సలుపుతుంది. పిల్లల్ని ముట్టుకోనివ్వకూడదు.

సొర వెన్నెముక గట్టి ఎముక కాదు. మన చెవి కొసలా వంగే మెత్తటి ఎముక. అయినా సొర చేపే.

కొరమేను గడుసుది. దానికి మొప్పలున్నాయి. మొప్పల పైన గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉంది. అందుకే అది మధ్య మధ్య పైకి వచ్చి గాలి పీలుస్తుంది. బజారులో పళ్ళెంలో పెట్టినా చాలాసేపు బతికి ఉంటుంది. దాన్ని పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది.

చాలా చేపలు గుడ్లు పెడతాయి. కాని అన్నీ కాదు. దోమ పిల్లల్ని తినడానికి చెరువుల్లో వదిలే గంబూసియా చేప పిల్లల్నే కంటుంది.

గుడ్లు పెట్టే కాలం

చేపలకు గుడ్లు పెట్టే కాలం ఉంటుంది. శీలావతి, బొచ్చె వానాకాలంలో పారే నీళ్ళలో గుడ్లు పెడతాయి. పులస వరదల కాలంలో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీది వస్తుంది, గుడ్లు పెట్టడానికే.

శీలావతి, బొచ్చె చెరువు నీళ్ళలో మామూలుగా గుడ్లు పెట్టవు. పూర్వం చెరువులకు చేప పిల్లలు కావాలంటే నదుల్లో పట్టి తెచ్చేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌదరి, డాక్టర్ అలికున్హి చేపలకు మందు ఎక్కించి గుడ్లు పెట్టించారు. అప్పటినుంచి చేప పిల్లల్ని పుట్టించి చెరువుల్లో వదలడం వీలైంది. అందుకే మన దేశంలో జూలై 10న చేప రైతుల దినం జరుపుతారు.

సముద్రంలోనూ చేపలు పెరగడానికి గడువు కావాలి. అందుకే మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలతో వేటను ఆపుతారు. అంటే 61 రోజులు. గుడ్ల చేపనూ, చిన్న చేపనూ అంతా పట్టేస్తే రేపు పెద్ద చేప ఉండదు. ఈ మాట పిల్లలకు చిన్నప్పుడే తెలియాలి.

అమ్మ రాసిన మాట

సాయంత్రం పాప పలక తెచ్చింది. "అమ్మా, మొప్ప అని రాయి" అంది.

అంతవరకు అమ్మ పుస్తకంలో చూసి రాసింది. చూడకుండా రాయడం అలవాటు లేదు. బలపం పట్టుకుంది. 'మొప' అని రాసింది. పైకి చదువుకుంది. ఏదో తక్కువైంది. మళ్ళీ చదివింది. 'ప' కింద వత్తు పెట్టింది. 'మొప్ప' అయింది.

తర్వాత 'రెక్క' రాసింది. 'పొలుసు' రాసింది. 'వెన్నెముక' రాయడానికి కాస్త ఆలోచించింది. అదీ రాసింది.

పాప చేప బొమ్మ వేసింది. రెక్కలు లెక్కపెట్టి వేసింది. ఆరు వేసింది. మొప్ప మూత కూడా వేసింది. శనివారం నాటి బొమ్మకు ఇవేవీ లేవు.

సోమవారం పాప పలక పట్టుకుని అంగన్‌వాడీకి వెళ్ళింది. "ఈ రెక్కలన్నీ ఎవరు చూపించారు?" అని టీచరమ్మ అడిగింది.

"మా అమ్మ" అంది పాప.

పిల్లలకు ఇలా చెప్పండి

ముందు చెప్పకండి. ముందు చూపించండి, ముట్టుకోనివ్వండి, అడగండి.

ఒక్కరోజే అన్నీ చెప్పకండి. మూడేళ్ళ పిల్లకు రెండు సంగతులు చాలు. ఐదేళ్ళ పిల్లకు నాలుగు చాలు.

తెలిసిన వస్తువుతో పోల్చి చెప్పండి. పొలుసుకు పెంకు, మొప్పకు జడ కొస, గాలి తిత్తికి బూర.

మన ఒంటితో పోల్చండి. మనకు ఉన్నదేది, లేనిదేది అడగండి.

తెలియకపోతే "చూసి తెలుసుకుందాం" అనండి. "నాకేం తెలుసు" అనకండి.

చేప ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. ముళ్ళు ఏరి పెట్టండి. కత్తిపీట పిల్లలకు అందనివ్వకండి.

చేప తినని ఇంట్లోనైనా ఈ పాఠం చెప్పవచ్చు. చెరువు గట్టున పిల్లల చెయ్యి పట్టుకుని నిలబడి చూపండి. గాజు తొట్టిలో ఈదే చేపను చూపండి.

గుర్తుంచుకోండి

చేపకు వెన్నెముక ఉంటుంది.
చేప బతికినంత కాలం మొప్పలు ఉంటాయి.
చేప రెక్కలతో, తోకతో ఈదుతుంది.
చాలా చేపలకు పొలుసులు ఉంటాయి. కొన్నిటికి ఉండవు.
చేప ఒంటి వేడి నీళ్ళను బట్టి మారుతుంది.
మనకు మొప్పలు లేవు. నీళ్ళ దగ్గర పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు.

జవాబులు చెప్పండి

1. అమ్మ శనివారం రాత్రి ఎందుకు బాధపడింది?
2. గట్టు మీద గాలి ఉన్నా చేప ఎందుకు చనిపోతుంది?
3. రొయ్యకు మొప్పలున్నాయి. అయినా చేప ఎందుకు కాదు?
4. పాప తొట్టిలో ముఖం ఎందుకు పెట్టింది? అమ్మ ఏ సంగతి చెప్పడం మరిచింది?
5. మీ ఇంట్లో, వీధిలో పిల్లలకు ప్రమాదమైన నీళ్ళు ఎక్కడున్నాయి? వాటికి మూత గాని, కంచె గాని ఉందా?

చూడకుండా రాయండి

మొప్ప, రెక్క, తోక, పొలుసు, గుడ్డు, వెన్నెముక, ఊపిరితిత్తి.

చేసి చూడండి

ఈసారి చేప తెచ్చినప్పుడు కోసే ముందు పిల్లల్ని పిలవండి. వాళ్ళు అడిగిన ప్రశ్నల్లో ఒకటి మీ నోటుపుస్తకంలో రాయండి. దాని జవాబు కింద రాయండి. జవాబు తెలియకపోతే చోటు వదిలి ఉంచండి. తెలిసిన రోజున రాయండి.